ఆర్సీ లేకుండా కొన్న బండి పేరు మీదికి రావాలంటే

"ముందుగాల బండి తీస్కపో, కాగితాలు మళ్ల చూసుకుందాం" అనే మాట మీద వరంగల్ చుట్టుపక్కల ముగిసే పాత బండ్ల బేరాలు తక్కువేమీ కాదు. పరకాలలోనో నర్సంపేటలోనో పత్తి అమ్మిన డబ్బుతో పాత మోపెడ్ కొన్నా, జమ్మికుంట వైపు నుంచి ట్రాక్టరు తెచ్చుకున్నా, బేరమంతా ఇంజను చప్పుడు, టైర్ల అరుగుదల, ధర చుట్టూనే తిరుగుతుంది. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది, ఆ మనిషి ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు అనే ప్రశ్న చివరికి గానీ రాదు. వచ్చినా, సంతకం పెట్టిన ఖాళీ ఫారాలో, నోటరీ ముద్ర పడిన స్టాంపు కాగితమో చేతిలో పెట్టేసరికి కొన్నవారు తృప్తి పడిపోతారు. పోలీసు తనిఖీలో బండి ఆగినప్పుడో, తిరిగి అమ్మాలనుకున్నప్పుడో, ప్రమాదం జరిగినప్పుడో అసలు చిక్కు బయటపడుతుంది.

ఇలాంటి బండికి కాగితాలు పుట్టించడం ఎలాగన్నది చాలామంది అడిగే ప్రశ్న. చట్టం అడిగేది మాత్రం మరొకటి: రిజిస్టరులో పేరున్న వ్యక్తి నుంచి ఇప్పుడు బండి ఉన్న వ్యక్తి వరకు అది చేతులు మారిన క్రమం ఏమిటి, అందులో ఎక్కడ తెగింది? పోయిన కాగితానికి నకలు తెచ్చుకోవడం తేలిక, కనబడకుండా పోయిన మనిషి సంతకానికి నకలు ఉండదు. అందువల్ల "కాగితాలు లేని బండి" అని ఒకే పేరుతో పిలిచే వాటిలో కొన్నింటి పని వారాల్లో తేలిపోతుంది, కొన్ని కోర్టు మెట్లు ఎక్కిస్తాయి, కొన్నింటికి దారే లేదు. చేతిలో ఉన్నది వీటిలో ఏ రకమో తేల్చుకోకుండా ఏజెంటు చేతికి డబ్బు ఇవ్వడమే ఎక్కువ మంది చేసే పొరపాటు.

బండి చరాస్తి కాబట్టి, భూమిలాగా దాని అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం అమ్మేవారికి అమ్మే హక్కు ఉండి, ఇద్దరూ ఒప్పుకుని, బండి అప్పగిస్తే వారిద్దరి మధ్య యాజమాన్యం మారినట్టే. కానీ 1988 నాటి మోటారు వాహనాల చట్టం, రెండో సెక్షన్ 30వ క్లాజులో, యజమాని అంటే బండి ఎవరి పేరు మీద నమోదై ఉందో వారే అని నిర్వచించింది. కొన్నవారు డబ్బు చెల్లించి ఏళ్ల తరబడి నడుపుతున్నా, రోడ్డు మీదా ప్రమాద పరిహారం కేసుల్లోనూ యజమాని మాత్రం ఆర్సీలో పేరున్నవారే. హర్యానాలో 2009లో జరిగిన ఒక కారు ప్రమాదం మీద సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో, నవీన్ కుమార్ – విజయ్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు దీన్ని తేల్చి చెప్పింది. ఆర్సీలో పేరున్న వ్యక్తి ఆ కారును 2007లోనే అమ్మేశాడు, ఆ తర్వాత అది ఒకరి తర్వాత ఒకరి చేతులు మారింది, అయినా పేరు మార్పిడి జరగలేదు కాబట్టి పరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తీర్పు చెప్పింది.

ఈ తీర్పు అమ్మినవారికి భయం కలిగించేదే అయినా, కాగితాలు లేక అవస్థ పడుతున్న కొనుగోలుదారుకు అదే పెద్ద ఆయుధం. "ఆ బండి ఎప్పుడో అమ్మేశాను, నాకేం సంబంధం" అని ఫోను పెట్టేసే పాత యజమానికి, పేరు మారేదాకా ఆ బండి కింద ఎవరు పడినా నోటీసు మొదట తన ఇంటికే వస్తుందనీ, చలాన్లన్నీ తన పేరు మీదే పేరుకుపోతాయనీ నెమ్మదిగా అర్థమయ్యేలా చెబితే సంతకానికి ముందుకు వచ్చేవారే ఎక్కువ. బతిమాలడం కన్నా, వారి ప్రయోజనం వారికి చూపించడం మేలు.

పేరు మార్పిడి యంత్రాంగమంతా ఆ చట్టంలోని 50వ సెక్షన్ చుట్టూ ఉంది. ఒకే రాష్ట్రంలో నమోదైన బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రంలో నమోదైనదైతే 45 రోజుల్లోగా అమ్మకం సంగతి రిజిస్టరింగు అధికారికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లోగా తమ నివాస ప్రాంతపు అధికారికి తెలిపి, ఆర్సీనీ, రుసుమునూ, అమ్మినవారు ఇచ్చిన నివేదిక నకలునూ జతచేయాలి. అమ్మినవారి నివేదిక ఫారం 29, కొన్నవారి దరఖాస్తు ఫారం 30. గడువు దాటితే జరిమానా, ఆలస్య రుసుము పడతాయే గానీ దారి మూసుకుపోదు. పదేళ్ల కిందటి బేరానికి కూడా పాత యజమాని వచ్చి ఫారం 29 మీద సంతకం పెడితే పని జరుగుతుంది. చట్టం కొనుగోలుదారు ఒక్కడి మాట మీద పేరు మార్చే ఏర్పాటు చేయలేదు, దొంగ బండ్ల బెడద దృష్ట్యా అది సబబే.

మొదట బండిని చదవాలి

ఏ కార్యాలయానికి వెళ్లే ముందైనా బండి ఏమిటో బండినే అడగాలి. నంబరు ప్లేటు ఎవరైనా మార్చగలరు, బండి చట్రం మీద గుద్దిన ఛాసిస్ నంబరు మార్చడం కష్టం. ద్విచక్ర వాహనాలకు అది సాధారణంగా హ్యాండిలు కింది మెడ గొట్టం మీద గుద్ది ఉంటుంది. మట్టి, గ్రీజు కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలుచని కాగితం ఆనించి, పెన్సిలు ములుకును పక్కకు వాల్చి రుద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. ఆర్టీఏ (రవాణా శాఖ) కార్యాలయాల్లో అడిగే "పెన్సిల్ ప్రింట్" ఇదే. ఇప్పటి బండ్లకు ఈ సంఖ్య 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. సున్నా, ఒకటి అంకెలతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అనే ఆంగ్ల అక్షరాలను అందులో వాడరు. హీరో బండ్లకు ఎంబీఎల్ అనీ, బజాజ్‌కు ఎండీ2 అనీ, టీవీఎస్‌కు ఎండీ6 అనీ, హోండా ద్విచక్ర వాహనాలకు ఎంఈ4 అనీ మొదటి మూడు గుర్తులు ఉంటాయి. ట్యాంకు మీద ఒక కంపెనీ పేరు, మెడ మీద మరో కంపెనీ గుర్తు కనబడినా, అక్షరాల మధ్య ఎడం సమంగా లేకపోయినా, ఆ చోట రాపిడి గీతలు ఉన్నా, ఆ బండి సంగతి ఆర్టీఏలో కాకుండా పోలీసు స్టేషన్‌లో తేలాల్సి ఉంటుంది. తుప్పు పట్టి అక్షరాలు నిజంగానే చెరిగిపోయిన పాత మోపెడ్లు కూడా పల్లెల్లో కనబడతాయి. వాటికి అధికారుల అనుమతి లేకుండా ఏ వర్క్‌షాపులోనో కొత్తగా గుద్దించడం ఉన్న చిక్కును నేరంగా మార్చుకోవడమే.

నంబరు ప్లేటు కూడా చెప్పాల్సింది చెబుతుంది. ఏపీ 36 ఉమ్మడి వరంగల్ జిల్లాది, 2014 జూన్‌కు ముందు నమోదైన బండి అన్నమాట. ఏపీ 15 కరీంనగర్, ఏపీ 01 ఆదిలాబాద్. రాష్ట్రం వచ్చాక వరంగల్‌కు టీఎస్ 03, 2016 అక్టోబరులో జిల్లాలు చీలాక వరంగల్ రూరల్‌కు టీఎస్ 24, భూపాలపల్లికి టీఎస్ 25, మహబూబాబాద్‌కు టీఎస్ 26, జనగామకు టీఎస్ 27 వచ్చాయి. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. తెలంగాణ జిల్లాల్లో నమోదైన ఏపీ నంబరు బండికి నంబరు మార్చుకోవాల్సిన పని లేదు. కానీ ఏపీ 36 బండి అంటే 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు ఇప్పటికే దాటిపోయి ఉండే అవకాశం బాగా ఎక్కువ, అలాంటప్పుడు పేరు మార్పిడితోపాటు ఫారం 25తో రెన్యువల్ కూడా చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి ఈ రెన్యువల్ రుసుము ద్విచక్ర వాహనానికి 1,000 రూపాయలు, కారుకు 5,000 రూపాయలు అయింది. 20 ఏళ్లు దాటిన వాటికి 2025లో దాన్ని రెట్టింపు చేశారు. దీనికి తోడు గ్రీన్ ట్యాక్స్, కొత్త బీమా, కాలుష్య ధ్రువపత్రం, పాత చలాన్లు. ఇవన్నీ కూడి చూస్తే బండి విలువను మించే సందర్భాలు ఉంటాయి కాబట్టి, కాగితాల వెంట తిరిగే ముందు ఈ లెక్క వేసుకోవడం అవసరం.

నంబరు తెలిశాక రాష్ట్ర రవాణా శాఖ పోర్టల్‌లో వివరాలు, పోలీసు శాఖ ఈ-చలాన్ సైటులో బాకీలు చూడవచ్చు. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది, ఫైనాన్స్ ఉందా, పన్ను కట్టారా, ఏవైనా ఆంక్షలు ఉన్నాయా అన్న నాలుగు సంగతులు తెలిస్తే బండి ఏ రకమో సగం తేలినట్టే. దొంగ బండి అన్న అనుమానం ఉంటే జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే వాహన్ సమన్వయ్ వ్యవస్థలో ఇంజను, ఛాసిస్ నంబర్లతో వెతికే సదుపాయం ఉంది.

మనిషి దొరికితే

ఆర్సీ పోయినా, దానిలో పేరున్న వ్యక్తి దొరికితే అది చిక్కే కాదు. ఆర్సీ పోయినట్టు పోలీసుల నుంచి ధ్రువీకరణ తీసుకుని, ఫారం 26తో ఆ వ్యక్తే నకలు ఆర్సీకి దరఖాస్తు చేసుకుంటాడు. అది వచ్చాక ఫారం 29, 30లతో పేరు మారుతుంది. నకలు ఆర్సీని అడిగే హక్కు రిజిస్టరైన యజమానిదే గనుక, కొన్నవారు "నా ఆర్సీ పోయింది" అని తామే ఫిర్యాదు ఇచ్చి పని కానిద్దామనుకోవడం తప్పుడు ప్రకటన అవుతుంది. ఏజెంట్లు అలవోకగా చెప్పే ఈ సలహాను పాటించకపోవడమే మంచిది.

ఎక్కువ బండ్లు ఇరుక్కునేది రెండో రకంలో. ఆర్సీ ఒకరి పేరు మీద ఉంటుంది, ఆయన మరొకరికి అమ్మాడు, ఆ మరొకరు మెకానిక్‌కు అమ్మాడు, మెకానిక్ నుంచి ఇప్పటి మనిషి కొన్నాడు. మధ్యలో ఎవరూ పేరు మార్చుకోలేదు. బండితోపాటు ఖాళీ ఫారాలు మాత్రం చేతులు మారుతూ వచ్చాయి. ఆ సంతకాలు చెల్లుతాయా అన్న ప్రశ్నకు, ఏ తగాదా లేనంతకాలం చెల్లినట్టే ఉంటాయి, సంతకం తేడాగా ఉన్నా, పాత యజమాని "నేను అమ్మలేదు" అన్నా ఒక్క క్షణం నిలవవు అన్నదే నిజమైన జవాబు. మధ్యలో ఉన్న వారందరి పేర్లూ రిజిస్టరులోకి ఎక్కాల్సిన అవసరం లేదు, మొదటి మనిషి నుంచి నేరుగా ఇప్పటి మనిషికి ఫారం 29 రాస్తే సరిపోతుంది. కాబట్టి మధ్యవారితో వాదులాట తగ్గించి, ఆర్సీ మీది చిరునామా పట్టుకుని మొదటి మనిషి దగ్గరికి వెళ్లడం తెలివైన పని. మధ్యవారి దగ్గర ఒక్కటే అడగాలి: ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు, ఎప్పుడు అన్నది సంతకంతో రాసిన కాగితం. రేపు కోర్టు అవసరమైతే ఆ కాగితాలే సాక్ష్యం. స్టాంపు కాగితం మీది ఒప్పందానికి ఉన్న విలువ కూడా అంతే, అది సాక్ష్యం అవుతుంది గానీ ఆర్సీకి బదులు కాదు.

ఈ గొలుసు తెగకుండా చూసేందుకే కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లో పాత బండ్ల డీలర్లకు అధీకృత గుర్తింపు ఏర్పాటు చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చింది. గుర్తింపు పొందిన డీలరుకు బండి అప్పగించినట్టు యజమాని ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, ఆనాటి నుంచి తిరిగి అమ్ముడయ్యేదాకా ఆ డీలరే యజమానిగా లెక్క. నిబంధన బాగానే ఉంది. హైవే పక్కన నాలుగు బండ్లు నిలబెట్టి అమ్మే కన్సల్టెన్సీ ఆ గుర్తింపు తీసుకుందా అని అడిగి కొనే అలవాటు మాత్రం ఇంకా రావాలి.

ఉత్తర తెలంగాణలో మరో ప్రత్యేకత ఉంది: ఆర్సీ మీద పేరున్న మనిషి దుబాయిలోనో, సౌదీలోనో, ఖతర్‌లోనో ఉంటాడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ వైపు బండ్లలో ఇది మామూలు. ఇంట్లో భార్యో తమ్ముడో బండి అమ్మేస్తారు, సంతకం మాత్రం వారు పెట్టలేరు. దీనికి పద్ధతైన దారి, ఆ వ్యక్తి అక్కడి భారత రాయబార కార్యాలయంలోనో కాన్సులేట్‌లోనో ధ్రువీకరింపజేసిన పవర్ ఆఫ్ అటార్నీని ఇంట్లోవారి పేరు మీద పంపడం. విదేశంలో రాసిన అలాంటి పత్రానికి, మన దేశానికి చేరిన నాటి నుంచి మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలని భారత స్టాంపుల చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఎవరికి బదిలీ చేయాలన్నదీ అందులో స్పష్టంగా ఉండాలి. ఆధార్‌తో వ్యక్తిని సరిపోల్చే పద్ధతులు పెరుగుతున్నందున, పత్రం రాయించే ముందే సంబంధిత కార్యాలయంలో అంగీకారం కనుక్కోవడం మంచిది. ఆ మనిషి రెండు మూడు నెలల్లో సెలవు మీద ఊరికి వస్తాడంటే, ఇంత తతంగం కన్నా ఆగడమే చవక.

పేరున్న మనిషి చనిపోయి ఉంటే, వారసులు ఇచ్చిన సంతకంతో నేరుగా కొనుగోలుదారు పేరు మీదికి రాదు. ముందు బండి వారసుల్లో ఒకరి పేరు మీదికి ఫారం 31తో మారాలి, దానికి మరణ ధ్రువపత్రం, మీసేవ ద్వారా తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతరం కావాలి. మరణం సంగతి 30 రోజుల్లో తెలిపి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలన్నది నిబంధన. వారసుల మధ్య భూమి తగాదా నడుస్తున్న ఇంట్లో బండి సంతకాలు కూడా అక్కడే ఆగిపోతాయి, ఇది ఊళ్లలో అందరికీ తెలిసిన సంగతే.

ఫైనాన్స్, పొరుగు రాష్ట్రం, వేలం

ఫైనాన్స్ ఉన్న బండిది వేరే కథ. ఆర్సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఉన్నంతకాలం, ఆ సంస్థ రాతపూర్వక అంగీకారం లేకుండా పేరు మార్చకూడదని 51వ సెక్షన్ చెబుతోంది. కిస్తీలు అన్నీ కట్టేసినా, ఫారం 35 మీద సంస్థ సంతకం తీసుకుని ఆ నమోదు కొట్టేయించుకోని వారు చాలామంది. అప్పు ఎప్పుడో తీరింది, రిజిస్టరులో మాత్రం బతికే ఉంటుంది. ఆ సంస్థ మూతపడి ఉంటే, లేదా మరో సంస్థలో కలిసిపోయి ఉంటే, దాని బాధ్యతలు ఎవరికి చేరాయో వెతికి పట్టుకోవాలి, అది మనిషిని వెతకడం కన్నా కష్టం.

కిస్తీలు కట్టక "సీజ్" అయిన బండ్లను, ముఖ్యంగా ట్రాక్టర్లను, యార్డుల్లో కొనేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. సీజ్ చేసినంత మాత్రాన ఫైనాన్స్ సంస్థ ఆర్సీ యజమాని కాదు. బాకీదారు ఆర్సీ ఇవ్వనన్నా, పరారీలో ఉన్నా, సంస్థ ఫారం 36తో దరఖాస్తు చేయాలి. రిజిస్టరింగు అధికారి పాత యజమానికి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, అతని వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చి, ఆ తర్వాతే పాత ఆర్సీ రద్దు చేసి సంస్థ పేరు మీద కొత్తది ఇస్తారు. అక్కడి నుంచి కొన్నవారి పేరు మీదికి రావడం మామూలు బదిలీ. ఈ మెట్టు ఎక్కకుండా యార్డు రసీదు, "నో డ్యూ" కాగితం చేతిలో పెట్టి పంపిస్తే, కొన్నవారు ట్రాక్టరును పొలానికి తీసుకుపోగలరు గానీ పేరు మీదికి తెచ్చుకోలేరు. కొనే రోజునే "ఫారం 36 ఆర్సీ వచ్చిందా" అని అడిగితే చాలు, జవాబులోనే సగం తెలిసిపోతుంది. ట్రాక్టరుకు వెనక తగిలించే ట్రాలీ విడి వాహనమనీ, దానికి వేరే నమోదు ఉండాలనీ కూడా చాలామందికి తట్టదు. ఇంజనుకు ఆర్సీ ఉండి, స్థానిక వర్క్‌షాపులో వెల్డింగు చేయించిన ట్రాలీకి ఏ కాగితమూ లేకుండా రోడ్డెక్కేవి కోకొల్లలు.

గోదావరి, ప్రాణహిత దాటితే మహారాష్ట్ర. సిరోంచ వైపు నుంచి కాళేశ్వరం మీదుగా, చంద్రపూర్ వైపు నుంచి ఆసిఫాబాద్, మంచిర్యాల మీదుగా ఎంహెచ్ 33, ఎంహెచ్ 34 నంబర్ల బండ్లు చవగ్గా వస్తుంటాయి. వీటికి 48వ సెక్షన్ ప్రకారం అక్కడి రిజిస్టరింగు అధికారి ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), అంటే ఫారం 28, తప్పనిసరి. అది ఇచ్చే ముందు దొంగతనం కేసు లేదని పోలీసు నివేదిక తీసుకుంటారు. దరఖాస్తు అందిన 30 రోజుల్లో ఏ సంగతీ తేల్చకపోతే ఇచ్చినట్టే భావించాలని చట్టంలో ఉన్నా, ఇక్కడి కౌంటరులో ఆ వాదన వినేవారు అరుదు. ఎన్‌ఓసీ వచ్చాక ఇక్కడ కొత్త నంబరుకు ఫారం 27, దానితోపాటు బండి వయసును బట్టి జీవితకాల పన్ను. అక్కడ ఒకసారి కట్టిన పన్ను ఇక్కడ చెల్లదు, అక్కడి నుంచి మిగిలిన కాలానికి వాపసు అడగాల్సింది మళ్లీ ఆ పాత యజమానే. చవక బేరం అనుకున్నది ఈ పన్ను దగ్గర సమమైపోతుంది.

వేలంలో కొన్న బండ్లకు మాత్రం చట్టం ఆశ్చర్యపరిచేంత ఉదారంగా ఉంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల తరఫున జరిగే బహిరంగ వేలంలో కొన్నవారు, బండి చేతికి వచ్చిన 30 రోజుల్లోగా ఫారం 32తో దరఖాస్తు చేయాలి. వేలం ఖరారు చేసిన అధికారి సంతకంతో ఉన్న పత్రం, వేలానికి అనుమతించిన ప్రభుత్వ ఉత్తర్వు ధ్రువీకృత నకలు జతచేయాలి. నంబరే లేని బండి అయినా, ఉన్న నంబరు తప్పుడుదని తేలినా, 57వ నిబంధన ప్రకారం ముందు వేలం వేసిన శాఖ పేరు మీద కొత్త నంబరు ఇచ్చి, ఆ తర్వాత కొన్నవారి పేరు మీదికి మార్చాలి. పోలీసు స్టేషన్ల ఆవరణల్లో ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసి, చివరికి ఎవరూ రాని బండ్లుగా వేలానికి వచ్చే వాటికి ఇదొక్కటే పునర్జన్మ. అయితే "తుక్కు కింద మాత్రమే" అన్న షరతుతో వేలం వేసినదానికి ఇది వర్తించదు, వేలం ప్రకటనలో ఆ ఒక్క పదం చూసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ప్రభుత్వ శాఖలు, పురపాలక సంఘాలు, ప్రభుత్వ రంగ సంస్థలు, ఆర్టీసీల వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లతో ముగిసిపోతుందనీ, రెన్యువల్ ఉండదనీ 2023 ఏప్రిల్ 1 నుంచి 52ఏ నిబంధన అమలులో ఉంది. కాబట్టి వేలంలో కనబడే పాత శాఖాపరమైన జీపు ఎంత గట్టిగా ఉన్నా, పొలం గట్ల మీద తిప్పుకుందామన్న ఆశతో కొనకూడదు.

ఎప్పుడూ నమోదే కాని బండ్లు కొన్ని ఉంటాయి. షోరూములో కొని, తాత్కాలిక నంబరుతోనే ఏళ్లు నడిపి అమ్మేసినవి. డీలరు ఇచ్చే అమ్మక పత్రం ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 నకళ్లు దొరికితే మొదటి కొనుగోలుదారు పేరు మీద నమోదుకు ప్రయత్నించవచ్చు. కానీ సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణం) బండి 2020 మార్చి 31 తర్వాత నమోదు కాదు. అంతకుముందరి బీఎస్-3కి 2017లోనే గేటు పడింది. ఆ తేదీలకు ముందు తయారై, అప్పటికే అమ్ముడైనట్టు ఆధారం లేకుండా, నమోదు కాకుండా మిగిలిపోయిన కారుకో మోటారు సైకిలుకో ఇప్పుడు ఆర్సీ ఇప్పిస్తానని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

మనిషే దొరకకపోతే

చిరునామాకు వెళితే ఇల్లు మారిపోయింది, ఫోను లేదు. గోదావరిఖని, భూపాలపల్లి లాంటి బొగ్గు పట్టణాల్లో ఉద్యోగ విరమణ చేసి సొంతూళ్లకు వెళ్లిపోయిన కార్మికుల బండ్ల విషయంలో ఇది తరచూ జరుగుతుంది. ముందు చేయాల్సింది ఆ చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, తిరిగి వచ్చిన కవరును తెరవకుండా దాచుకోవడం. తర్వాత తమ ప్రాంత రిజిస్టరింగు అధికారికి 50వ సెక్షన్ కింద, అమ్మకం క్రమం మొత్తం వివరిస్తూ, ఉన్న ఆధారాలతో రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటి మాటగా "కాదు" అనడం ఉత్తర్వు కాదు. రాతపూర్వకంగా నిరాకరిస్తే 57వ సెక్షన్ కింద 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు, ఏ జవాబూ ఇవ్వకుండా కూర్చుంటే నిర్ణయం తీసుకోమని ఆదేశించాల్సిందిగా హైకోర్టులో రిట్ వేయవచ్చు. అయితే హైకోర్టు యాజమాన్యం తేల్చి పెట్టదు, అధికారిని నిర్ణయం తీసుకోమంటుంది, అంతే.

యాజమాన్యం తేల్చేది సివిల్ కోర్టు. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 34వ సెక్షన్ కింద యాజమాన్య ప్రకటన కోరుతూ, రిజిస్టరైన యజమానినీ రవాణా అధికారినీ ప్రతివాదులుగా చేర్చి దావా వేయాలి. ప్రభుత్వ అధికారి ప్రతివాది కాబట్టి సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ ప్రకారం రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. యజమాని ఆచూకీ లేకపోతే కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ద్వారా నోటీసు ఇచ్చి, అప్పటికీ రాకపోతే ఏకపక్ష డిక్రీ పొందవచ్చు. ఇన్ని నెలల తిప్పలు, వకీలు ఫీజు పాతిక వేల మోటారు సైకిలుకు గిట్టుబాటు కావు. ట్రాక్టరుకో, హార్వెస్టరుకో, మంచి కారుకో అయితే గిట్టుబాటు అవుతాయి. పాత బండిని తుక్కుకు ఇచ్చేద్దామన్నా, 2021 నాటి నిబంధనల కింద గుర్తింపు పొందిన తుక్కు కేంద్రాలు యజమాని వివరాలూ దొంగతనం రికార్డూ సరిచూశాకే తీసుకుంటాయి.

వెతుకులాటలో అది దొంగ బండి అని తేలితే కొనుగోలుదారు చేయగలిగింది ఒక్కటే, వెంటనే పోలీసులకు అప్పగించడం. అమ్మేవారికి లేని హక్కు కొన్నవారికి రాదన్నది వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్. ఎంత నిజాయితీగా డబ్బు చెల్లించినా బండి అసలు యజమానికి, బీమా క్లెయిము చెల్లింపు అయిపోయి ఉంటే బీమా కంపెనీకి వెళ్తుంది. సంగతి తెలిశాక కూడా దగ్గర ఉంచుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద దొంగ సొత్తు ఉంచుకున్న నేరం అవుతుంది. పోగొట్టుకున్న డబ్బు రాబట్టుకునే హక్కు మాత్రం ఉంది. అమ్మేవారికి అమ్మే హక్కు ఉండాలన్నది ప్రతి అమ్మకంలోనూ చెప్పకపోయినా ఉండే షరతని అదే చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. అమ్మినవారు మామూలు వ్యక్తి అయితే సివిల్ కోర్టులో మూడేళ్ల లోపు దావా వేయాలి, వ్యాపారంగా అమ్మే కన్సల్టెన్సీ అయితే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టం వచ్చాక కన్సల్టెన్సీ ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవారు తాము ఉండే జిల్లాలోనే ఆ ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు, డబ్బు చెల్లించినట్టు ఫోన్‌పే రికార్డో రసీదో ఒకటి చూపగలగాలి.